ముల్లు దొరికిందిరా శీనూ

విజయవాడ, సింగ్‌నగర్
2024 డిసెంబరు 8, ఆదివారం

ఒరేయ్ శీనూ,

ముందు ఆ తిట్లేవో పూర్తి చేసెయ్, తర్వాత చదువుదువుగాని. ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరం, దసరాకి రాసిన కార్డు రెండూ నా ముందే ఉన్నాయి. ఆగస్టుది నీళ్ళలో నానింది. మూడో పేజీలో "వాడు మళ్ళీ అలాగే చేశాడు" అని ఒక్క ముక్క మిగిలింది, తక్కిన సిరా అంతా అలుక్కుపోయింది. ఎవడు, ఏం చేశాడు? మూడు నెలల నుంచి కొట్టుకుంటున్నాను. మళ్ళీ రాయి.

ఇంట్లో అందరం బాగున్నాం. పాప ఇంటర్ రెండో సంవత్సరం, పుస్తకాలన్నీ మళ్ళీ కొన్నాం. అమ్మ మోకాలు అలాగే ఉంది. నాకు బదిలీ అన్నారు, ఆగింది. వార్తలు ఇంతే. ఇక అసలు విషయం.

ముల్లు దొరికిందిరా!

నవ్వకు. కాలేజీలో మనం ఎండు మొక్కలు అంటించిన రికార్డులో ముళ్ళ తోటకూర షీటు చూసి, బాటనీ చెప్పే కేసరాలు మాస్టారు మనిద్దర్నీ ల్యాబ్‌లో నిలబెట్టి "ముల్లేదయ్యా?" అని అడిగిన ఆ ముల్లే. నువ్వు ఏమాత్రం తడుముకోకుండా "ఎండిపోయి రాలిపోయింది సార్" అన్నావు చూడు, ఆ రాలిపోయిన ముల్లు పాతికేళ్ళ తర్వాత మా పెరట్లో మొలిచింది. అది కూడా మా అమ్మ వేలికి దొరికింది.

మొదటి నుంచీ చెప్తాను. సెప్టెంబరు 1న బుడమేరు మా మీద పడ్డ సంగతి నీకు తెలుసు, నువ్వు ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉన్నావు, మా ఫోన్లకి చార్జింగ్ లేదు. వీధిలో ఛాతీదాకా నీళ్ళు. మేము మేడ మీద వాళ్ళింట్లో ఐదు రోజులు ఉన్నాం. ఆ ఐదు రోజుల గురించి ఇప్పుడు రాయను, మొదలుపెడితే ఆగదు. దిగి వచ్చాక పెరట్లో జానెడు బురద. నల్లగా, జిగటగా, ఎక్కడెక్కడి చెత్తో అందులో. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసేలోపు ఎన్ని చేలు, ఎన్ని గట్లు, ఎన్ని పెంటదిబ్బలు కడుక్కుంటూ వస్తుందో కదా, అదంతా మా బట్టలుతికే బండ దగ్గర పరిచి పోయింది. ఇల్లు ఎలాగో కడిగించాం. పెరడు జోలికి ఎవరం పోలేదు, ఓపిక లేక.

అక్టోబరు మొదట్లో ఆ ఎండిన బురద పగుళ్ళలోంచి మొలకలు లేచాయి. లేత ఆకుపచ్చ, కాడ మాత్రం ఎర్రగా. శైలజ పీకేస్తానంది. అమ్మ పడనివ్వలేదు. "చిలకతోటకూరే, లక్ష్మిలా దానంతటదే వచ్చింది, ఉండనీ" అంది. నేను వంగి చూసి, బాటనీ పట్టా ఉన్నవాణ్ణి కదా, "అవును, అమరాంథస్ విరిడిస్" అని తీర్పు ఇచ్చాను. ఇక్కడ నువ్వు నవ్వొచ్చు. మన రికార్డులో ఏ రెంటిని తారుమారు చేశామో, సరిగ్గా ఆ రెంటినే మళ్ళీ తారుమారు చేశాను. అప్పుడు విరిడిస్‌ని అంటించి స్పైనోసస్, అంటే ముళ్ళ తోటకూర, అని రాశాం. ఇప్పుడు స్పైనోసస్‌ని చూసి విరిడిస్ అన్నాను. నా తప్పు కూడా పూర్తిగా కాదులే, పిల్లప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. ఎదిగిన చిలకతోటకూరకైతే ఆకు చివర చిన్న నొక్కు ఉంటుంది, ఎవరో గోటితో గిల్లినట్టు. దీనికి ఆకు చివర సూటిగా ఉంటుంది. అదైనా చూసి ఉండాల్సింది.

నవంబరు వచ్చేసరికి నా నడుం దాకా లేచింది. అంత వేగం ఎక్కడిదంటావా, సీ-ఫోర్ మొక్క కదా, మొక్కజొన్న, చెరకుల్లాగే ఎండలో, వేడిలో కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని బాగా పట్టుకుని తిండి చేసుకుంటుంది. ఎండ ఎంత కాస్తే అంత బలుస్తుంది. ఆ ప్రశ్నకి నువ్వు పరీక్షలో రాసిన జవాబు గుర్తుందా? వద్దులే, పిల్లల చేతిలో ఈ ఉత్తరం పడితే బాగోదు.

ఒక సాయంత్రం అమ్మ పప్పులోకి ఆకు కోస్తానని వెళ్ళింది. కెవ్వుమని కేక. పరిగెత్తి చూస్తే బొటనవేలి మీద రెండు రక్తపు చుక్కలు, పక్కపక్కనే, పాము కాటులాగా. నా గుండె ఆగిపోయిందనుకో, ఎందుకంటే వరద తర్వాత మా వీధిలో పాములు... సరే. టార్చి వేసి చూశాను. ఆకు కాడ మొదట్లో, ప్రతి కణుపు దగ్గరా, జంటగా రెండు ముళ్ళు. సూదుల్లా, అర అంగుళం ఉంటాయేమో, కొసలు ఎండిన గడ్డి రంగులో. అమ్మ వేలు నోట్లో పెట్టుకుని నన్ను చూస్తోంది, నేను ముల్లు చూసి నవ్వుతున్నాను. "ముళ్ళ తోటకూరరా! చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో పుంతల్లో పెరిగేది. ఆడకూలీలు కలుపుకి వస్తే ఇది ఉన్న చేలోకి దిగేది లేదనేవాళ్ళు" అంటోంది. శైలజ గుమ్మంలోంచి ఒక్క మాట అంది: "అత్తయ్యగారూ, తోటకూర నాడే పీకనిచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

సామెత ఇంత అక్షరాలా జరగడం నేనెప్పుడూ చూడలేదురా! అమ్మ మొహం తోటకూర కాడలా వాడిపోయింది. రెండు రోజులు కోడలితో ముభావం.

నాకు మాత్రం పురుగు తొలిచింది. ఒక్క మొక్కకి ఎన్ని గింజలుంటాయో లెక్కపెడదామని. కిందటి ఆదివారం పాప జామెట్రీ బాక్సులోంచి లెన్స్ తీసుకుని, న్యూస్‌పేపర్ పరిచి, పైన ఊగుతున్న పొడుగాటి కంకిని కోసి దులిపాను. పసుప్పచ్చ పొడి రాలింది. ఇంకా దులిపాను. ఇంకా పొడి. గింజ ఒక్కటి లేదు. పది నిమిషాలు తిట్టుకున్నాక మెదడుకి తట్టింది. పైకంకిలో చాలావరకు మగపూలు, ఒట్టి పుప్పొడి. ఆడపూలు కింద, ఆకు మొదళ్ళలో గుండ్రంగా ముద్దకట్టి కూర్చుంటాయి, సరిగ్గా ముళ్ళ మధ్యన. కేసరాలు మాస్టారు అరిచి అరిచి చెప్పిన పాఠం ఇదే. ఇదంతా శైలజకి ఉత్సాహంగా వివరిస్తే, "అంటే పైన నిలబడి ఊగేది మగవాళ్ళు, ముళ్ళలో కూర్చుని పని చేసేది ఆడవాళ్ళు. దీనికి లెన్స్ ఎందుకండీ?" అని వంటింట్లోకి పోయింది.

సరే, ముళ్ళలో వేళ్ళు పెట్టి ఒక గుత్తి కోశాను. మూడు చోట్ల గుచ్చుకుంది. నువ్వు చూడాల్సింది ఆ కాయని! ఆవగింజ కంటే చిన్నది. గోటితో అంటితే నడుం దగ్గర గుండ్రంగా చీలి, పై సగం టోపీలా ఊడి వస్తుంది. కుంకుమ భరిణె మూత ఎలా వస్తుందో అలా. లోపల ఒకే ఒక్క గింజ. నల్లగా, రెండువైపులా ఉబ్బి, మెరుస్తూ. చూస్తే నల్లపూసలు చేసేవాడు పడేసిన పొట్టిపూస అనుకుంటావు. చిలకతోటకూరకి ఈ మూత లేదు, ఆ కాయ విచ్చుకోదు, ముడతలు పడి గింజతో సహా రాలిపోతుంది. ముల్లు రాలిపోయిందని బొంకినా, లెన్స్ పెట్టి కాయ చూస్తే మాస్టారికి దొరికిపోయేవాళ్ళం. ఆయన చూసే ఉంటారురా. చూసి ఊరుకున్నారు.

గుత్తిలో 60 గింజలు. కొమ్మకి 20 కణుపులు, మొక్కకి 15 కొమ్మలు అని ఉజ్జాయింపుగా వేస్తే 18,000. పెరట్లో 11 మొక్కలు. రెండు లక్షలకి రెండు వేలు తక్కువ. అది నా కాకిలెక్క. బాగా బలిసిన మొక్క ఒక్కటే రెండు లక్షలు దాటి ఇవ్వగలదని పుస్తకాల్లో ఉంది. దీని పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీనికీ పేరు పెట్టాడు. మన వైపుకి ఎప్పుడో ఓడలెక్కి వచ్చేసింది. ఇవాళ వేడి దేశాల్లో ఇది లేని చోటు లేదు. నీళ్ళలో కొట్టుకుపోతుంది, పశువు మింగితే పేడలోంచి బతికి బయటికొస్తుంది, ఆ పేడ ఎరువై ఇంకో చేలోకి పోతుంది. మా వీధి పాలవాడి గేదె అన్నీ తింటుంది, పోస్టర్లతో సహా. దీన్ని మాత్రం వాసన చూసి తల తిప్పుకుంది. ఏదీ మేయకపోతే ఇక దానికి అడ్డేముంది?

నువ్వు ఏమంటావో తెలుసు. ఆదిలాబాద్ పత్తి చేల మధ్య గడ్డిమందు అమ్ముకుంటూ కూర్చున్నావుగా, "ఒక డబ్బా పంపిస్తా, కొట్టెయ్" అంటావు. ఆగు. అమెరికాలో దీని కజిన్ ఒకటుంది, పామర్ అమరాంథ్. పామరుడని పేరుకే, ఘటికుడు! అందులో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. పత్తి చేలల్లో రైతులు ఏటా నీ గ్లైఫోసేట్ గడ్డిమందే కొట్టారు. 2005లో జార్జియాలో కొట్టినా చావని మొక్కలు తేలాయి. ఎలాగంటే, మందు ఏ ఎంజైమ్‌ని పట్టుకుని చంపుతుందో, ఆ ఎంజైమ్ జీన్‌కి అది పదుల కొద్దీ నకళ్ళు రాసిపెట్టుకుంది. మందు ఎన్నిటినని పట్టుకుంటుంది? నీ కొట్టుకొచ్చే రైతులకి ఏటా ఒకే డబ్బా చేతిలో పెట్టకురా. వ్యాపారం నీది, నాకెందుకుగాని.

అందుకే చేత్తోనే పీకాం. గోనెసంచి చేతికి చుట్టుకుని, నేనూ పాపా. వేరు కూడా ఎర్రగానే ఉంది. బీట్‌రూట్‌లో ఉండే ఎరుపే అది, "ఆంథోసయనిన్" అని వేరే రంగుపదార్థం పేరు చెప్పావని మాస్టారు నిన్ను బయటికి పంపించారు, గుర్తొచ్చిందా? ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. శైలజ పెరడంతా తవ్వించి బంతి వేద్దామంటుంది. తవ్వొద్దంటాను. రాలిన గింజలు పైపైన, వెలుతురు తగిలే చోట ఉంటేనే మొలుస్తాయి. లోతున పడ్డవి ఏళ్ళ తరబడి పడుకుంటాయి. తవ్వితే వాటిని మనమే లేపినట్టు. వరిగడ్డి మందంగా పరిచి చీకటి చేద్దామని నా వాదన. "రెండు లక్షలు రాల్చిందాకా కూర్చుని లెక్కలేసిన మనిషి ఇప్పుడు చెప్తున్నాడు" అని ఆవిడ వాదన. అందులోనూ న్యాయముంది.

ఇంకొకటి చెప్పాలి, ఇందాకటి నుంచి వాయిదా వేస్తున్నాను. రికార్డు పోయిందిరా. కింది గదిలో ట్రంకుపెట్టెలో ఉండేది. తెరిచేసరికి షీట్లన్నీ ఒకే ముద్ద, పిండికట్టిన అట్టలా. ఆకులు ఏవో, కాగితం ఏదో తెలియలేదు. నీ చేతిరాతలో లేబుల్, ఆ వంకర 'ఎస్', మాస్టారి ఎర్ర సంతకం, ఆయన ముల్లు దగ్గర పెట్టిన ప్రశ్నార్థకం, అన్నీ. బండ పక్కన పారబోశాను. నేను పారబోసిన చోటే ఈ మొక్కలు... వద్దు, దీన్ని కథ చెయ్యకు. మొలకలు పెరడంతా వచ్చాయి, అక్కడొక్కటే కాదు.

మాస్టారు పోయి నాలుగేళ్ళట. నాకు మొన్ననే తెలిసింది. నీకు తెలుసా? తెలిసీ నాకు చెప్పలేదా?

సోమవారం పొద్దున. రాత్రి కరెంటు పోయి ఆపేశాను. కవర్లో ఒక కొమ్మ పెడుతున్నాను. వారం రోజులు పాప డిక్షనరీ కింద నొక్కిపెట్టాను, గింజల గుత్తులన్నీ గిల్లేశాను, మీ ఊరికి నా చేత్తో పంపినట్టు ఉండకూడదు. ఎండినా ముల్లు రాల్లేదు, చూసుకో. లేబుల్ ఖాళీగా వదిలాను, నువ్వే రాయి, ఈసారి సరిగ్గా. రాశాక ఆ షీటుని ఎవరికి... ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, తొమ్మిదికి మీటింగ్. తెరిచేటప్పుడు ఎడమ మూల పట్టుకోకు, ముళ్ళు అటే ఉన్నాయి.

నీ
రాంబాబు