కుంట నీళ్లకు ‘బ్యాక్టీరియా జాబితా’ అడగొద్దు: అటవీశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీశాఖ మంత్రి గారికి,

నమస్కారం. వేసవిలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వాగులు ఎండితే మీ సిబ్బంది సాసర్ పిట్లను (పళ్లెంలా లోతు తక్కువగా కట్టిన నీటి తొట్లను) ట్యాంకర్లతో, కుంటలను సోలార్ బోర్లతో నింపుతారు. దుప్పి, అడవిపంది, పులి, మేతకొచ్చిన పొడ తూర్పు ఆవు, అన్నీ అక్కడే మూతి పెడతాయి. ఆ నీళ్లలో ఏ రోగకారక బ్యాక్టీరియా ఉందో తెలుసుకోవడానికి పర్యావరణ డీఎన్‌ఏ పరీక్ష, అంటే నీళ్లలో కలిసి ఉన్న జీవుల డీఎన్‌ఏను చదవడం, పనికొస్తుంది. జంతువును పట్టక్కర్లేదు, మత్తివ్వక్కర్లేదు. హైదరాబాద్‌లోనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) వారి వన్యప్రాణి పరిశోధనశాల లాకోన్స్ ఉంది. చిలికా సరస్సు నీళ్ల మీద ఈ పద్ధతిని చేసి చూపించింది వాళ్లే. కాబట్టి పరీక్ష చేయించండి. కానీ ల్యాబ్‌ను ‘ఏమేం ఉన్నాయో జాబితా ఇవ్వండి’ అని మాత్రం అడగకండి.

అలా అడిగితే వచ్చేది బ్యాక్టీరియాలన్నిటిలోనూ ఉండే 16ఎస్ జన్యువు రిపోర్టు. అది బ్యాక్టీరియాలన్నిటినీ ఒక్కసారే చదువుతుంది, కానీ చాలావరకు ఇంటిపేరు (ప్రజాతి) దగ్గరే ఆగిపోతుంది. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) తెచ్చే బాసిల్లస్‌నూ, మామూలు మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్‌నూ అది విడదీయలేదు. రిపోర్టులో ‘బాసిల్లస్’ కనబడిందంటే మర్నాడు పేపర్లో ‘నల్లమల నీళ్లలో ఆంత్రాక్స్’ అని పడుతుంది. దొమ్మ సంగతి తేల్చాలంటే విషం తయారుచేసే పాగ్-ఏ, పైపొరకు చెందిన క్యాప్-సి జన్యువులను విడిగా పీసీఆర్‌లో (కోరిన డీఎన్‌ఏ ముక్కను ఎన్నో నకళ్లుగా పెంచే పరీక్షలో) వెతకాలి. దాని స్పోర్ల (నిద్రావస్థలో ఉండే గింజల్లాంటి రూపాల) గోడ గట్టిది. సన్నని పూసలతో గట్టిగా కుదిపి పగలగొట్టకపోతే డీఎన్‌ఏ బయటికి రాదు, ఉన్నదీ లేనట్టే కనబడుతుంది.

అసలు పని చెడేది ల్యాబ్‌లో కాదు, కుంట గట్టున. మే ఎండలో సీసాలో ఆరు గంటలు మగ్గిన నీళ్లు కుంట సంగతి చెప్పవు, సీసాలో ఏది పెరిగిందో చెబుతాయి. అందుకే నీళ్లు పట్టినచోటే వడపోయాలి. నీళ్లలో దిగకుండా, అడుగు బురద కదపకుండా, జంతువులు తాగే అంచు దగ్గర, ట్యాంకర్ రాకముందే పొద్దున్నే పట్టాలి. ఫిల్టర్ రంధ్రం 0.22 మైక్రాన్లు ఉండాలి. తేట నీళ్లయితే లీటరు పోతుంది. పేడ, ఆకుచెత్త కలిసిన సాసర్ పిట్ నీళ్లకు 100-200 మిల్లీలీటర్లకే మూసుకుపోతుంది. అప్పుడు బలవంతంగా తోయకూడదు. ఎన్ని పోయాయో రాసుకుని ఆపేయాలి, లేకపోతే ఫిల్టర్ చిరుగుతుంది. ముందు గుడ్డతో వడకట్టే తెలివి కూడా వద్దు, రేణువులకు అంటుకున్న బ్యాక్టీరియా గుడ్డలోనే ఉండిపోతుంది. చోటుకు మూడు ఫిల్టర్లు, ప్రతిసారీ కొత్త గ్లోవ్స్. ఫిల్టర్‌ను వెంటనే లాంగ్‌మైర్ బఫర్‌లో (డీఎన్‌ఏ చెడకుండా కాపాడే ద్రావణంలో) ముంచాలి. బేస్ క్యాంపులో ఫ్రిజ్ లేకపోయినా అది నిలుస్తుంది.

రోజుకో ‘ఖాళీ’ నమూనా తప్పనిసరి. స్వేదన జలాన్ని అడవిలోనే తెరిచి, అదే పంపుతో, అదే చేతులతో వడపోయాలి. డీఎన్‌ఏ తీసే ల్యాబ్ కిట్లలోనే రాల్‌స్టోనియా లాంటి బ్యాక్టీరియా డీఎన్‌ఏ జాడలుంటాయి. ఖాళీ నమూనా లేకపోతే అవి కుంట ఖాతాలో పడతాయి. ఖర్చు తగ్గించమంటే మొదట ఎగిరిపోయేది ఇదే.

ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా మరో చిక్కు. మెలిక తిరిగిన వెంట్రుకలా సన్నగా ఉంటుంది, 0.22 మైక్రాన్ల రంధ్రంలోంచి కూడా జారిపోగలదు. దాని కోసం కొంత నీటిని విడిగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాంట్లో లిప్-ఎల్32 జన్యువును వెతకాలి. ఆకులు కుళ్లిన నీటిలోని హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌నే ఆపేస్తాయి. అందుకే ప్రతి గొట్టంలో తెలిసిన డీఎన్‌ఏ కొంచెం కలపాలి. అదీ పెరగకపోతే ఆ ఫలితం ‘నెగెటివ్’ కాదు, పరీక్షే జరగనట్టు. పది రెట్లు పలుచన చేసి మళ్లీ పెట్టాలి.

చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా కొన్నాళ్లు నీళ్లలో ఉంటుంది. బ్లీచింగ్ చల్లాక పనైందో లేదో దీనితో తేలదు, కల్చర్ పెట్టాల్సిందే (బతికున్న బ్యాక్టీరియాను పెంచి చూడాల్సిందే). మనుషుల కొలబద్ద కూడా ఇక్కడ పెట్టొద్దు. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలి అసలు కనబడకూడదు. పేడ పడే కుంట దేనికీ ఆ పాస్ మార్కు రాదు.

అందుకని మా మనవి ఇది. ల్యాబ్‌కు ఇచ్చే ఉత్తర్వులో దొమ్మ, లెప్టోస్పైరా, గొంతువాపు తెచ్చే పాశ్చురెల్లా అని పేర్లు పెట్టి అడగండి. ఖాళీ నమూనాల లెక్క లేని రిపోర్టును తిప్పి పంపండి. దొమ్మ తేలితే ఎవరేం చేయాలో ఆ ఉత్తర్వులోనే రాయించండి: చచ్చిన జంతువును కోయకూడదు, గాలి తగిలితే స్పోర్లు ఏర్పడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 33ఏ ప్రకారం అభయారణ్యానికి 5 కిలోమీటర్ల లోపు పశువులకు టీకాలు వేయించే చర్యలు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ తీసుకోవాలి. ఫలితం కాపీ పశుసంవర్ధక శాఖకు అదే రోజు వెళ్లాలి. ఇంకొకటి, ప్రతి ట్యాంకర్ గొట్టం నుంచి కూడా ఒక సీసా పట్టించండి. బయటి నీళ్లను అడవిలోకి మోసుకెళ్తున్నది మనమే కదా.

ఇట్లు,
నీటి సూక్ష్మజీవులపై పనిచేసే కొందరు పరిశోధకులు