మన పాఠకుల సంఘం, నల్లగొండ: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మూడు పుస్తకాలే చదివాం. నిరుడు నెలకొకటి పెట్టుకుంటే చాలామంది చివరి పేజీ దాకా రాలేదు. ఒక్కోదానికి నాలుగు నెలలు ఇవ్వడం వల్ల చర్చకు వచ్చేవాళ్లు పుస్తకం పూర్తిచేసి వస్తున్నారు.

మొదటిది సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. పాలమూరు గడ్డ బిడ్డ రాసిన ఈ పుస్తకానికే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలు ఆడుకున్నరు అన్నది కావ్యాల్లోంచి ఏరి చూపిన గ్రంథం. వారానికి 50 పేజీలు పెట్టుకుంటే మూడో వారానికే బండి ఆగింది. కారణం పద్యాలు: అర్థం కాని పద్యం దగ్గర మనిషి పుస్తకం మూసేస్తాడు. తర్వాత పద్ధతి మార్చాం. ముందు వచనం ఒక్కటే చదవాలి, పద్యాన్ని రెండుసార్లు పైకి చదవాలి, ఆ తర్వాతే అర్థం వెతకాలి. ఇలా 40 నిమిషాల్లో 10–12 పేజీలే సాగుతాయి, కానీ చదివింది గుర్తుంటుంది. మా అభిప్రాయం: ప్రతి మాటకూ ఆధారం చూపడం దీని బలం. కవి కళ్లారా చూసి చెప్పిన చోటేది, పెంచి చెప్పిన చోటేది అని విడదీసుకునే పని మాత్రం పాఠకుడిదే.

రెండోది మన జిల్లా మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. నిజాం కాలంలో వెట్టి, అప్పు, భూమి లెక్క మూడూ కలిసి ఒక ఊరిని ఎట్ల బిగించాయో లోపలి మనిషిగా చెప్పిన నవల. కథానాయకుడు కంఠీరవంలో తప్పు, తడబాటు దాదాపు లేకపోవడం మాకు లోటుగా తోచింది. కొన్నిచోట్ల సంభాషణ ఉపన్యాసమవుతుంది. అయినా ముందుగా చదవాల్సింది ఇదే.

ఆ కాలపు పుస్తకాల్లో పిల్లలు ఆగిపోయేది మాటల దగ్గర. అందుకే ఒక పట్టిక రాసి గోడకు అంటించాం. మాలీ పటేలు శిస్తు వసూలు చూసేవాడు, పోలీసు పటేలు ఊరి కట్టుబాటు చూసేవాడు, పట్వారీ భూమి లెక్కలు రాసేవాడు. నాగు అంటే గింజల అప్పు, పంట రాగానే వడ్డీతో గింజలుగానే తీర్చాలి. శికం చెరువు లోపలి భూమి, బంచరాయి పశువుల మేత భూమి.

ఫసలీ (నిజాం కాలపు శిస్తు లెక్కల సంవత్సరం) సంవత్సరాల్లో పొరపాట్లు ఎక్కువ జరిగాయి. దాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడానికి అందరూ 590 కలుపుతారు. కానీ హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబరులో ఆజూరు నెలతో మొదలవుతుంది కాబట్టి డిసెంబరు దాకానే 590 సరిపోతుంది, జనవరి నుంచి 591 కలపాలి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య (భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి రావడం) 1357 ఫసలీలో జరిగింది. 590 కలిపితే అది 1947కు జారిపోతుంది.

మూడోది స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. ఈ ఏటి పుస్తకాల్లో మాకు మిన్న ఇదే. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పుకున్న బతుకులు. వాక్యాలు మధ్యలో ఆగుతాయి, చెప్పిందే మళ్లీ చెబుతారు. సంపాదకులు సరిచేయాల్సింది అని కొందరు సభ్యులన్నారు, మేం ఒప్పుకోం. బిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ మాటను నున్నగా దిద్దితే ఆ కడుపుకోత పేజీ మీద మిగలదు. ఒకసారి కూర్చుంటే ఒక్కరి కథే చదవండి. వరసగా రెండు చదివితే గొంతులు కలగలిసిపోతాయి.

పుస్తకాల మరమ్మతు గురించి ఒక మాట. ఊడిన పేజీలకు సెల్లోటేపు వేయకండి. దాని జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది. 100 గ్రాముల మైదాను ముందు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అర లీటరు నీళ్లయ్యేలా పోసి, సన్నసెగ మీద తిప్పుతూ నిగనిగలాడేదాకా ఉడికించాలి. చల్లారాక ప్లాస్టిక్ డబ్బాలోకి తీసి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపాలి. అది విషం, పైగా ఇనుము, అల్యూమినియం గిన్నెలను తింటుంది. పిల్లలకు అందనీయొద్దు. అతికించిన చోట అటూ ఇటూ ప్లాస్టిక్ కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. లేదంటే పక్క పేజీ కూడా అంటుకుంటుంది.

వచ్చే ఏడు మొదట ఆళ్వారుస్వామి ‘గంగు’ తీసుకుంటున్నాం. ఆయన 1961లో పోయే నాటికి అది పూర్తి కాలేదు, కాబట్టి నెలన్నర చాలు. ‘మనకు తెలియని మన చరిత్ర’కు సంఘం ప్రతి ఒక్కటే ఉంది. ఇంకా ఆరుగురు వరసలో ఉన్నారు. ఎవరి దగ్గరుందో వాళ్లు వచ్చే రెండో ఆదివారానికి తెచ్చి ఇవ్వాలి.