ఖర్చులో కౌలు ఉందా, లేదా?

సంపాదకులకు నమస్కారం.

ధాన్యం మద్దతు ధర మీద ఈమధ్య మీ పత్రికలో ఇద్దరు ఆర్థికవేత్తల వ్యాసాలు వచ్చాయి. ఖర్చు మీద రైతుకు సగం లాభం వస్తోందని ఒకరు, పెట్టుబడే రావడం లేదని ఇంకొకరు. ఇద్దరిలో అబద్ధం ఎవరిదని మా టీకొట్టు దగ్గర పెద్ద గొడవే అయింది. ఎవరిదీ కాదు. ఖర్చు అన్న మాటకే ఇద్దరికీ అర్థం వేరు.

2025-26కు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటించారు. ఖర్చు 1,579గా లెక్కగట్టి దానికి సగం కలిపారు. విత్తనాలు, ఎరువులు, కూలి, ఇంటిల్లిపాది కష్టం అందులో ఉన్నాయి. సొంత పొలానికి రావలసిన కౌలు లేదు. రైతు సంఘాలు దాన్నీ కలపమంటున్నాయి. ఇది ఇవాళ్టి పేచీ కాదు. ధాన్యానికి ధర ఉంది కాబట్టే కౌలు పెరుగుతుంది గానీ కౌలు వల్ల ధర పెరగదని, అంటే ధరను తేల్చే ఖర్చులో కౌలు చేరదని, ఇంగ్లండ్ ఆర్థికవేత్త రికార్డో 1817లోనే వాదించాడు. మా పక్క పొలం కౌలుకు చేసే అతనికి ఈ సంగతి చెబితే నవ్వాడు. దాళ్వా (రబీ) మాసూళ్లు అయ్యాక అతను కళ్లంలోనే బస్తాలు రెండు వరుసలు వేస్తాడు. మొదటి వరుస పొలం ఆసామిది. అది నిండాకే తనది మొదలు.

ముప్ఫై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పినవాణ్ని. ఈ శాస్త్రంలో తగాదాలు కొత్త కాదు. రికార్డో, అతని కాలపు ఆర్థికవేత్తే అయిన మాల్థస్ స్నేహితులై ఉండీ ఏళ్ల తరబడి ఉత్తరాల్లో పోట్లాడుకున్నారు. కానీ ముందు మాటల అర్థం తేలాలన్న పట్టింపు ఉండేది. మాల్థస్ 1827లో నిర్వచనాల మీదే ఒక పుస్తకం రాశాడు. ఇప్పుడు ఎవరి మోడల్ వాళ్లది. మార్కెట్ ధరలోనే సమాచారమంతా ఇమిడి ఉంటుందనే ఆర్థికవేత్త ఫామాకూ, జనం మోజుతో ధరలు దారి తప్పుతాయనే ఇంకో ఆర్థికవేత్త షిల్లర్‌కూ 2013లో నోబెల్ కలిపి ఇచ్చారు. "పరీక్షలో ఏది రాయాలి సార్?" అని పిల్లలడిగితే, దిద్దేవాళ్లను బట్టి అని తప్పించుకున్నాను. సిగ్గుపడాల్సిన జవాబే.

పెట్టుబడి రావడం లేదని 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా (ఖరీఫ్) మానేశారు. మాటల తగాదా పొలం దాకా వస్తే అలాగే ఉంటుంది.

ధరల మీద వ్యాసం వేసేటప్పుడు, రాసినవారు ఖర్చులో ఏమేం కలిపారో పైన రెండు లైన్లలో వేయండి. కౌలు సంగతి మాత్రం తప్పకుండా.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, అమలాపురం