నీళ్లు రాని గంటల సంగతి

ఒరేయ్ రవీ,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడందరం కులాసా, నీ పుస్తకాలు అందాయి, వాటి గురించి తర్వాత. ముందు నీ ప్రశ్న, అది తేల్చందే నాకు నిద్రపట్టేలా లేదు.

ఊరికి నీళ్లు వడకట్టే ఫిల్టర్‌ బెడ్ల దగ్గర బాగున్నవి కుళాయికొచ్చేసరికి ఎందుకు పాడవుతున్నాయనేగా? చెడేది నీళ్లొచ్చే గంటలో కాదురా, రాని గంటల్లో! జనం పెరిగేకొద్దీ పాత పైపుకే కొత్త కనెక్షన్లు తగిలిస్తారు. ప్రెజర్‌ చాలక వీధులకు వంతులేస్తారు. వాల్వు కట్టేశాక పల్లపు ఇళ్లు మిగిలిన నీళ్లు లాగేసుకుంటే, మెరకన పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికన్నా తగ్గిపోతుంది. ఇక పైపు చుట్టుపక్కల మురుగును పీల్చడం మొదలుపెడుతుంది. వదులైన జాయింటు, తుప్పుపట్టిన కనెక్షన్, మురుగుకాలవలోంచి దాటించిన సర్వీసు పైపు... ఎక్కడ చిల్లుంటే అక్కణ్నుంచే. లైనుకి నేరుగా మోటారు బిగిస్తే మరీ ఘోరం. నోటితో పీలిస్తే సోడా స్ట్రాలోకి ఎక్కుతుందన్న నీ సిద్ధాంతమే అనుకో, ఆ రోజు ఎవరి చొక్కా తడిసిందో చెప్పనక్కర్లేదు!

మళ్లీ వదిలినప్పుడు మొదటి ధార ఆ మురికంతా మోసుకొస్తుంది. దాన్ని తాగడానికి పట్టకూడదు. అలాగని తేరిన నీళ్లన్నీ మంచివీ కావు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్‌ మిగలాలి. మురుగు కలిస్తే క్లోరిన్‌ దానికే ఖర్చైపోతుంది. క్లోరిన్‌ ఉంటే నీళ్లను గులాబీగా మార్చే డీపీడీ మాత్ర వేసినా గులాబీ రంగు రాలేదంటే అనుమానించాల్సిందే. ఆ పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, లైను చివరింట్లో చెయ్యాలి.

క్లోరిన్‌ పెంచితే సరిపోదా అంటావేమో. 1955-56లో ఢిల్లీలో నజఫ్‌గఢ్‌ కాలవ మురుగు యమునలో వజీరాబాద్‌ దగ్గర నీళ్లు తోడేచోటికి చేరింది. క్లోరిన్‌ పెంచారు, టైఫాయిడ్‌ విజృంభించలేదు. కానీ సుమారు 29 వేలమందికి కామెర్లు! అది హెపటైటిస్‌-ఇ అనే, కాలేయానికి సోకే వైరస్‌ జబ్బని చాలా ఏళ్లకు తేలింది. గర్భిణుల ప్రాణాలు తీసే జబ్బురా అది. తలుచుకుంటే మనసు పాడవుతుంది.

వంతులతో ఇంకో చిక్కు, డ్రమ్ములు. నిలవ నీళ్లలో డెంగీ దోమ వారం పదిరోజుల్లో తయారవుతుంది. గుడ్లు నీటిగీతకు కాస్త పైన గోడకంటుకుని, ఎండినా నెలలతరబడి బతుకుతాయి. అందుకే ఒంపేస్తే చాలదు, వారానికోసారి పీచుతో తోమాలి. మూత ఎప్పుడూ బిగించే ఉండాలి.

అసలు మందు, పైపులో ఎప్పుడూ ప్రెజర్‌ ఉంచడమే. దానికి ముందు లీకులు పట్టాలి. అర్ధరాత్రి వాడకం తగ్గాక ఒక్కో జోనుకి పోయే నీటిని కొలిస్తే... అయ్యో, తపాలా కట్టే వేళయింది. మిగతాది రేపు.

నీ
శీను