కేసు ముగిశాకే ఫీజు అంటే, అప్పటిదాకా నడిపేదెవరి డబ్బుతో?

రెండు తెలుగు రాష్ట్రాల న్యాయశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

అయ్యా,

ఉచిత న్యాయ సహాయం మాటెత్తగానే సభల్లో 15100 హెల్ప్‌లైన్ నంబరు, లోక్ అదాలత్ లెక్కలు వినిపిస్తాయి. ఆ నంబరుకు ఫోను చేసిన మనిషికి లాయరును కేటాయించాక, ఆ ఫైలు మీద పెట్టే ఖర్చు ఎక్కణ్నుంచి వస్తోందని మాత్రం ఎవరూ అడగరు. జిల్లా, మండల న్యాయ సేవా సంస్థలు ఉచిత కేసులు అప్పగించే లాయర్ల జాబితాల్లో, అంటే ప్యానెళ్లలో, పనిచేస్తున్న న్యాయవాదులం ఈ లేఖలో ఆ ఒక్క సంగతే చెబుతున్నాం.

ప్యానెల్ లాయరంటే జీతమొచ్చే ఉద్యోగి కాదు. పెద్ద నగరాల కార్పొరేట్ లా సంస్థలు ఈ పనిని సాధారణంగా ముట్టుకోవు. మన ఊళ్లలో లాయరు ఆఫీసంటే ఒక సీనియరు, ఒకరిద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా. గది అద్దె, గుమాస్తా జీతం, జెరాక్సు బాకీ నెలనెలా తీర్చాల్సిందే. న్యాయ సహాయం కేసు ఫీజు మాత్రం కేసు పూర్తయ్యాక వస్తుంది. ముగింపు నివేదిక అందగానే జాప్యం, వేధింపు లేకుండా ఫీజు, ఖర్చులు చెల్లించాలని 2010 నాటి నాల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) నియమావళి అంటోంది. ఉద్దేశం మంచిదే. చిక్కంతా ఆ ‘ముగింపు’ అన్న మాటలోనే ఉంది.

ఒక పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా తీసుకోండి. తండ్రి పొలంలో వాటా కోసం కూతురు వచ్చింది. 2005లో దేశమంతటా వచ్చిన హక్కు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళకు ఆదాయ పరిమితి కూడా లేదు. దరఖాస్తు ఆమోదిస్తారు, నియామక పత్రం ఇస్తారు. ఉమ్మడి స్వాధీనంలో ఉన్న భూమైతే కోర్టు ఫీజు పెద్దగా కాదు కూడా. డబ్బు కరిగేది మిగతా దగ్గర. ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), ఆంధ్రలోనైతే అడంగల్, 1బి, తెలంగాణలోనైతే పహాణీ, పాత దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు కావాలి. ప్రతివాదులు నలుగురైదుగురు అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు. ఒక్కొక్కరికీ సమన్లు పంపేందుకు కోర్టులో కట్టే బత్తా, పోస్టు ఖర్చు. బత్తా కట్టక సమన్లు అందకపోతే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 9, రూల్ 2 కింద దావా కొట్టేయొచ్చు. ఒక తమ్ముడు తలుపు తాళం వేసుకుని తప్పించుకుంటే ఆర్డర్ 5, రూల్ 20 కింద పత్రికా ప్రకటన వేయించాలి. పత్రిక వాళ్లు డబ్బు ముందే కట్టించుకుంటారు, అరువు లేదు. కక్షిదారు దగ్గర ఫీజు తీసుకోవడం ప్యానెల్ లాయరుకు నిషిద్ధం, అది ఉండాల్సిన నిషేధమే. కాబట్టి ఆ డబ్బు లాయరు జేబులోంచి పోతుంది, లేదా ప్రకటన కోసమని వాయిదా మీద వాయిదా పడుతుంది. ఎక్కువసార్లు జరిగేది రెండోదే.

సరే, ఏళ్ల తర్వాత ప్రాథమిక డిక్రీ వచ్చింది. లాయరు బిల్లు పెడతాడు, కార్యాలయం ఫైలు మూస్తుంది. కూతురికి మాత్రం సెంటు నేల చేతికి రాలేదు. ఆమె వాటా ఎంతో ప్రాథమిక డిక్రీ తేల్చిందంతే. ఆ వాటా ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా అన్నది తేలాలంటే తుది డిక్రీ దశ దాటాలి. ఆర్డర్ 26, రూల్ 13 కింద భూమిని విభజించేందుకు కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్ వస్తారు, ఆయన ఫీజు డిపాజిట్ చేయాలి. సర్వేయరు ఫీజుకు చలానా తీయాలి. చివరికి తుది డిక్రీని నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద ఎక్కించాలి, అది లేనిదే అమలుకు పనికిరాదు. స్టాంపు పేపరు ఎవరు కొనాలన్నది ప్రతిసారీ ఒక పంచాయితీ. నియామక పత్రంలో రాసింది దావా నంబరే గనుక, ఈ దశకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ నియామకం. ఈలోగా ప్యానెల్ గడువు తీరిపోతే కొత్త లాయరు వచ్చి కట్ట మొదటి కాగితం నుంచి చదవాలి.

మనోవర్తి కేసుల్లో ఇదే జబ్బు ఇంకా తీవ్రం. నెలకు 6,000 రూపాయలు ఇవ్వమని కోర్టు చెప్పింది, భర్త ఇవ్వడం మానేశాడు అనుకుందాం. బాకీ రాబట్టడానికి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 144వ సెక్షన్ కింద (పాత సీఆర్‌పీసీ 125) పిటిషన్ వేయాలి. ప్రతి నెల బాకీకీ అది కట్టాల్సిన రోజు నుంచి ఏడాదే గడువు. ఆమె పదకొండు నెలలు ఓపిక పట్టి వచ్చిందనుకోండి. అసలు కేసు ముగిసింది కాబట్టి కొత్త నియామక పత్రం కావాలి. అది మూడు నెలలు ఆలస్యమైతే మొదటి రెండు నెలల బాకీ, అంటే 12,000, గడువు దాటిపోతుంది. ఆ డబ్బు ఎగ్గొట్టింది భర్తే అయినా, దారి ఇచ్చింది మన కాగితాల పద్ధతి. ఇక 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలి. చదువురాని మనిషిని కూర్చోబెట్టి అద్దె, కిరాణా, పిల్లల ఫీజులు గడి గడికీ నింపడం ఒక పూట పని. ఆ పూట ఏ బిల్లులోనూ కనిపించదు.

క్రిమినల్ వైపు 2022 నుంచి ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసుల వ్యవస్థ వచ్చింది. పూర్తికాలం పనిచేసే లాయర్లు కావడం మేలే. కానీ ఒకే కేసులో ఇద్దరు ముద్దాయిలు తప్పు ఒకరిమీద ఒకరు తోసుకుంటే ఆ ఒక్క ఆఫీసు ఇద్దరి తరఫునా నిలబడలేదు. అప్పుడు మళ్లీ ప్యానెల్‌కే కబురు. యావజ్జీవం, ఉరి పడే కేసుల్లో లాయరుకు కనీసం ఏడు రోజుల వ్యవధి ఇవ్వాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఛార్జిషీటు కట్ట చేతికి రాకుండా ఏడు రోజులిచ్చినా ఒరిగేదేమీ లేదు.

ఫీజులు నిర్ణయించేది న్యాయ సేవాధికార సంస్థ, మాకు సంబంధం లేదు అనకండి. అదే 1987 చట్టం 28వ సెక్షన్ కింద హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. రాష్ట్ర న్యాయ సహాయ నిధికి డబ్బు చేర్చే వాటిలో మీ ప్రభుత్వం ప్రవేశపెట్టే బడ్జెట్ కూడా ఉంది.

కాబట్టి, అన్నిటికంటే ముందు, ప్రతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర ఖర్చులకని ఒక శాశ్వత అడ్వాన్సు ఉంచండి. బత్తా, పత్రికా ప్రకటన, కమిషనర్ ఫీజు, సర్వే చలానా, స్టాంపు పేపరు నేరుగా అక్కణ్నుంచే చెల్లిస్తే లాయరు చేతికి నగదు ఇవ్వాల్సిన అవసరమే లేదు, దుర్వినియోగం భయమూ లేదు. ఫీజును దశలవారీగా ఇవ్వండి: దాఖలుకు కొంత, కోర్టు తేల్చాల్సిన అంశాలు (ఇష్యూలు) ఖరారయ్యాక కొంత, సాక్ష్యం పూర్తయ్యాక కొంత, మిగిలింది తీర్పుకు. నియామక పత్రంలో ‘తుది డిక్రీ, అమలు, బకాయిల పిటిషన్లతో సహా’ అన్న మాట చేర్చండి. బిల్లుకు తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేయమనడం ఆపండి. ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో కేసు ఏ దశలో ఉందో, ఎప్పుడు ముగిసిందో ఆ సంస్థ గుమాస్తాకే కనిపిస్తుంది.

వీటిలో డబ్బు కావాల్సింది ప్రధానంగా అడ్వాన్సుకే. వచ్చే బడ్జెట్‌కు మీ శాఖ ప్రతిపాదనలు ఆర్థికశాఖకు వెళ్లేలోపు దానికొక పద్దు తెరవమని కోరుతున్నాం.

ఇట్లు,
జిల్లా, మండల న్యాయ సేవా ప్యానెళ్ల న్యాయవాదులు