వెనక గేర్లు మార్చినంత మాత్రాన ఇంజను బలం పెరగదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో అమెరికా హాట్ రాడ్ కార్ల, అంటే పాత కార్లను వేగం కోసం మార్చి కట్టినవాటి, గురించి వచ్చిన వ్యాసం చదివాను. పాత ఫోర్డ్ కార్ల పైకప్పు కోసి కిందికి దించడం, బానెట్ పక్క రేకులు తీసేసి ఇంజను బయటికి కనిపించేలా ఉంచడం వంటి సంగతులను రచయిత చక్కగా వివరించారు. అయితే వెనక డిఫరెన్షియల్ గేర్ల, అంటే ఇంజను తిప్పే బలాన్ని వెనక చక్రాలకు అందించే గేర్ల, గురించి రాసిన నాలుగు వాక్యాలు, వాటి పక్కన వేసిన చిన్న పట్టిక మాత్రం చదివినవారిని తప్పుదారి పట్టించేలా ఉన్నాయి. తక్కువ ఖర్చులో కారు బలం పెంచుకునే మార్గం ఇదేనని, 4.10 నిష్పత్తి గేర్లు వేస్తే వేగం పెరుగుతుందని, ఇది ఒక పూట పని అని అందులో ఉంది. మొదటి మాట తప్పు, రెండోది సగం తప్పు, మూడోది పని తెలిసిన చేతుల్లో తప్ప నిజం కాదు. గేర్ల పని చేసేవాడిగా ఈ మూడింటి గురించీ రాయవలసి వచ్చింది.

ఇంజను ఇచ్చే శక్తిని గేర్లు పెంచవు. పెంచే మాట అటుంచి, డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరైన క్రౌన్ వీల్ పళ్ల మీద, దానిని తిప్పే చిన్న గేరైన పినియన్ పళ్లు జారే చోట అందులో కొంత వేడిగా మారి పోతుంది కూడా. గేర్లు చేసేదల్లా చుట్లు తగ్గించి, తగ్గిన మేరకు తిప్పే బలాన్ని, అంటే టార్కును, పెంచడం. నిష్పత్తి 3.08 అంటే గేర్‌బాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు 3.08 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుందని అర్థం. దాని స్థానంలో 3.73 వేస్తే ప్రతి గేరులోనూ చక్రానికి అందే టార్కు 21 శాతం పెరుగుతుంది. హాట్ రాడ్లలో విరివిగా వాడే టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 2.52. దానిని 3.08తో గుణిస్తే 7.76, 3.73తో గుణిస్తే 9.40 వస్తుంది. నిలిచిన చోటి నుంచి బండి కదిలే తీరులో ఈ తేడా వెంటనే తెలుస్తుంది కాబట్టి పికప్ పెరిగిందంటే ఎవరూ కాదనరు. కానీ ఇంజను మునుపు ఎంత శక్తినిచ్చేదో ఇప్పుడూ అంతే ఇస్తోంది.

ఇక వేగం సంగతి. నిలిచిన చోటి నుంచి పావు మైలు దూరం త్వరగా దాటడమే వేగమనుకుంటే రచయిత మాట చాలా బండ్ల విషయంలో నిజమే. బండి అందుకోగల గరిష్ఠ వేగం అనుకుంటే మాత్రం అది తలకిందులవుతుంది. గంటకు మైళ్లలో వేగాన్ని డిఫరెన్షియల్ నిష్పత్తితోను, 336 అనే అంకెతోను గుణించి, అంగుళాల్లో టైరు వ్యాసంతో భాగిస్తే, టాప్ గేరు నిష్పత్తి ఒకటికి ఒకటిగా ఉన్న బండిలో ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ఆ 336 ఎక్కడి నుంచో ఊడిపడిన అంకె కాదు. మైలుకు 63,360 అంగుళాలు. దానిని గంటలోని 60 నిమిషాలతోను, వృత్తం చుట్టుకొలత లెక్కలో వచ్చే 3.14తోను భాగిస్తే మిగిలేది అదే. 28 అంగుళాల టైరుతో గంటకు 60 మైళ్ల వేగంలో 3.08 గేర్లున్న ఇంజను నిమిషానికి దాదాపు 2,218 చుట్లు తిరిగితే, 4.10 గేర్లున్నది 2,952 చుట్లు తిరుగుతుంది. ఇంజనును 5,000 చుట్లు దాటనివ్వకూడదనుకుంటే మొదటి బండికి లెక్క ప్రకారం గంటకు 135 మైళ్ల దాకా అవకాశం ఉంటుంది, గాలి అడ్డుపడడం వల్ల అంతదాకా వెళ్లకపోయినా సరే. రెండోది 102 దగ్గరే ఆగిపోతుంది. పైగా శబ్దాన్ని ఆపే పొరలేవీ లేని, పొగ గొట్టాలు సీటు పక్క నుంచే పోయే బండిలో 2,952 చుట్ల మోత వింటూ గంటల తరబడి హైవే మీద కూర్చోవడం ఎలా ఉంటుందో, ఒకసారి కూర్చున్నవారికి చెప్పనక్కర్లేదు.

మీ పట్టికలో అసలు లోపం ఇక్కడే ఉంది. నిష్పత్తులను ఒక వైపు, వాటి వల్ల కలిగే లాభాలను మరో వైపు వేశారు కానీ, టైరు వ్యాసం మాటే ఎత్తలేదు. హాట్ రాడ్ రూపంలో మొదట కంటికి కనిపించేవే ముందు చిన్న టైర్లు, వెనక ఎత్తైన టైర్లు. వెనక 26 అంగుళాల టైరుతో 3.55 గేర్లున్న బండి, 30 అంగుళాల టైరుతో 4.10 గేర్లున్న బండి ఒకే వేగంలో పోతుంటే రెండింటి ఇంజన్లూ దాదాపు ఒకే లెక్కన తిరుగుతాయి. గంటకు 60 మైళ్ల దగ్గర రెండూ సుమారు 2,750 చుట్లు. అంటే అందం కోసం టైరు ఎత్తు పెంచినవారు గేర్ల మీద డబ్బు పెట్టి వెనకటి చోటికే వస్తున్నారన్నమాట. అందులో తప్పేమీ లేదు, అది కూడా అవసరమైన పనే. కాకపోతే దానిని బలం పెంచడం అనకూడదు.

గేర్‌బాక్సు మాట కూడా వ్యాసంలో లేదు. ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను కన్నా షాఫ్టును వేగంగా తిప్పే టాప్ గేరు, ఉన్న 700ఆర్4 వంటి గేర్‌బాక్సులో మొదటి గేరు 3.06, నాలుగోది 0.70. దాని వెనక 3.73 గేర్లు వేస్తే మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 11.41 అవుతుంది, అదే బండి నాలుగో గేరులో గంటకు 60 మైళ్ల దగ్గర 28 అంగుళాల టైరుతో సుమారు 1,880 చుట్లతో నెమ్మదిగా సాగిపోతుంది. ఓవర్‌డ్రైవ్ లేకుండా 3.08 గేర్లతో నడిచే బండి కన్నా ఇది తక్కువ. ఒక బండికి 4.10 అతిగాను, మరో బండికి సరిగ్గా సరిపోయేదిగాను ఉండడానికి కారణం ఇదే. మరీ అత్యాశకు పోయి అదే గేర్‌బాక్సు వెనక 4.10 వేస్తే, టన్ను పైచిలుకు బరువుండే తేలికపాటి బండిలో మొదటి గేరు అలా వేసీ వేయగానే అయిపోతుంది. పెరిగిన టార్కు రోడ్డుకు అందే బదులు టైరు అరగడానికే ఖర్చవుతుంది. నా అభిప్రాయంలో, రోడ్డు మీద తిరిగే హాట్ రాడ్లకు ఓవర్‌డ్రైవ్ లేకపోతే 3.08 నుంచి 3.55 వరకు, ఉంటే 3.55 నుంచి 3.90 వరకు చాలు. అంతకు మించి కోరుకునేవారు పందెపు బాట మీదే నడిపేవారై ఉండాలి.

ఈ చిక్కు పాతకాలపు వారికి తెలియనిదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో పందెపు కార్ల భాగాలు చేసే టెడ్ హాలిబ్రాండ్ తయారుచేసిన క్విక్ చేంజ్ యాక్సిల్, అంటే గేర్లను త్వరగా మార్చుకోగల వెనక ఇరుసు, అంత పేరు తెచ్చుకోవడానికి కారణం, ఏ ఒక్క నిష్పత్తీ అన్ని అవసరాలకూ సరిపోకపోవడమే. అందులో క్రౌన్, పినియన్‌లను ముట్టుకోకుండా, వెనక మూత విప్పి లోపలున్న రెండు నిటారు పళ్ల గేర్లను మార్చితే నిష్పత్తి మారిపోతుంది. అవే రెండు గేర్లను పైది కిందికి, కిందిది పైకి వేస్తే ఇంకో నిష్పత్తి వస్తుంది.

మూడో మాట, అంటే ఒక పూట పని అన్నది, నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది. పాత గేర్లు విప్పి కొత్తవి బిగించడం వరకే అయితే పూట చాలు. కానీ పినియన్ ఎంత లోపలికి ఉండాలి, క్రౌన్ వీల్‌కూ పినియన్‌కూ మధ్య ప్లే, అంటే వదులు, ఎంత ఉండాలి, బేరింగుల మీద ముందస్తు బిగువు ఎంత ఉండాలి అన్న మూడు కొలతలు కుదరాలి. వాటిలో ఒకటి సరిచేస్తే మరొకటి కదులుతుంది. చాలా యాక్సిళ్లలో ఆ ప్లే ఒక అంగుళంలో వెయ్యి భాగాల్లో 6 నుంచి 10 భాగాల మధ్య ఉండాలి, అంటే సుమారు రెండు మూడు వెంట్రుకల మందం. డయల్ గేజ్ కాలును క్రౌన్ పన్నుకు ఆనించి, పినియన్ కదలకుండా పట్టుకుని, క్రౌన్‌ను అటూ ఇటూ ఆడిస్తే ముల్లు ఎంత కదిలిందో అదే ప్లే. ఒక్క చోట కొలిచి ఊరుకోకూడదు. క్రౌన్‌ను తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవాలి. ఒక చోటికీ మరో చోటికీ చెప్పుకోదగ్గ తేడా వచ్చిందంటే, క్రౌన్ కింద మురికో గరుకో మిగిలిపోయి అది వంకరగా కూర్చుందని అనుమానించాలి.

ఆ తరువాత పసుపు రంగు పేస్టును కుంచెతో మూడు నాలుగు క్రౌన్ పళ్లకు రెండు వైపులా పట్టించి, క్రౌన్‌కు కాస్త అడ్డు పెట్టి బరువుగా తిరిగేలా చేసి, పినియన్‌ను ముందుకూ వెనక్కూ తిప్పాలి. పినియన్ పన్ను ఒత్తిన చోట రంగు పక్కకు జరిగి, పన్ను మీద కోలగా ఒక గుర్తు మిగులుతుంది. ఆ గుర్తు పన్ను మొదలు వైపుకు దిగిపోయి ఉంటే పినియన్ మరీ లోపలికి వచ్చినట్టు. పన్ను కొన మీదికి ఎక్కి ఉంటే మరీ వెనకబడినట్టు. ఎత్తులో మధ్యన ఉండి, క్రౌన్ లోపలి చివరకో బయటి అంచుకో జరిగి ఉంటే చూడవలసింది క్రౌన్ స్థానాన్ని, అంటే ప్లేను. షిమ్ము, అంటే సందులో వేసే పల్చని రేకు, మార్చి, బేరింగు ప్రెస్సులో తీసి మళ్లీ ఎక్కించి, మళ్లీ రంగు పూసి చూడాలి. ఇలా ఎన్నిసార్లు చేయవలసి వస్తుందో పని మొదలుపెట్టే ముందు ఎవరూ చెప్పలేరు. పైగా ఏ యాక్సిల్ సంప్రదాయం దానిదే. వెనక మూత ఉండే చాలా యాక్సిళ్లలో పినియన్ బేరింగు కింద షిమ్ము మందం పెంచితే పినియన్ క్రౌన్ వైపు జరుగుతుంది. 1957లో వచ్చి 1986 దాకా తయారైన ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్‌లో షిమ్ము పినియన్ సపోర్టుకూ కేసుకూ మధ్య పడుతుంది కాబట్టి, మందం పెంచితే పినియన్ దూరం జరుగుతుంది. ఒకదానికి అలవాటుపడిన చేయి మరోదానిలో తడబడేది ఇక్కడే. అయినా హాట్ రాడ్లు కట్టేవారు ఆ ఫోర్డ్ యాక్సిల్‌నే ఇష్టపడడానికి కారణముంది. గేర్లుండే గుండ్రటి భాగం మొత్తం ముందు వైపు నుంచి ఊడి వస్తుంది. బండి కింద వెల్లకిలా పడుకోకుండా బల్ల మీద పెట్టుకుని కొలతలు చూసుకోవచ్చు.

పినియన్ నట్టు దగ్గర జరిగే నష్టం ఇంకొకటి. చాలా యాక్సిళ్లలో రెండు పినియన్ బేరింగుల మధ్య నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు బిగిస్తూ పోతే అది కొద్దికొద్దిగా నలిగి బేరింగుల మీద బిగువు వస్తుంది. నట్టు ఒక్క పావు చుట్టు ఎక్కువ తిరిగిందా, దానిని వదులు చేసి సరిపెట్టుకునే వీలు లేదు. కొత్త గొట్టం వేసి మొదటి నుంచి రావలసిందే. వదులు చేసి వదిలేసిన బండ్లలో బేరింగు పాడై, దాని వెంట గేర్లూ పోతాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరో రకంగా వెనక నుంచి వినిపించే కూతను చాలామంది కొత్త గేర్ల సహజ శబ్దం అనుకుంటారు. సరిగ్గా అమర్చిన గేర్లకు వీధిలో అంత మోత అవసరం లేదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. క్రౌన్, పినియన్‌లను తయారీలోనే జతగా రాపాడిస్తారు కనుక ఒక జతలోది మరో జతలో కలపకూడదు. నిష్పత్తి బాగా మారితే, ఉదాహరణకు 2.73 నుంచి 4.10కి వెళితే, పినియన్ చిన్నదై క్రౌన్ దానికి అందదు; కొన్ని యాక్సిళ్లలో అందుకు క్రౌన్‌ను మోసే కేరియర్ వేరేది కొనాలి, లేదా మందం ఎక్కువున్న క్రౌన్ తెప్పించాలి. ఆ ఖర్చు వ్యాసంలో లేదు. కొన్ని జనరల్ మోటార్స్ యాక్సిళ్లలో క్రౌన్ బోల్టులకు ఎడమ మర, అంటే కుడికి తిప్పితే ఊడే మర, ఉంటుంది, తెలియనివారు విప్పబోయి విరగ్గొడతారు. జారకుండా పట్టే క్లచ్ ప్లేట్లున్న డిఫరెన్షియల్ అయితే గేర్ ఆయిల్‌లో దానికి ప్రత్యేకించిన ద్రవం కలపాలి. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్సు తోక నుంచి పోయే బండ్లలో 3.08 తీసి 3.73 వేస్తే, అసలు వేగం గంటకు 50 మైళ్లుండగా ముల్లు 60 దాటి చూపిస్తుంది. ఆ చిన్న ప్లాస్టిక్ గేరు కూడా మార్చాలి. కొత్త గేర్లను మొదటిసారి పావుగంట, ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, మొదటి 500 మైళ్లు గట్టిగా తొక్కకూడదు, ఆ తరువాత ఆయిల్ మార్చాలి. ఆ మొదటి ఆయిల్‌లో మెరిసే సన్నని లోహపు పొడి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ముక్కలు కనిపిస్తే మాత్రం బండి ఆపేయాలి.

హాట్ రాడ్ల మీద మీ పత్రిక మరో వ్యాసం వేస్తుందని చదివాను. ఆ సంచికలో ఈ పట్టికను టైరు వ్యాసం, గేర్‌బాక్సు మొదటి గేరు, టాప్ గేరు నిష్పత్తులు అనే మూడు గడులు చేర్చి మళ్లీ ప్రచురించవలసిందిగాను, ఒక పూట పని అన్న మాటను సవరించవలసిందిగాను కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు