కాగితం కొనేటప్పుడు అడగాల్సింది జీఎస్‌ఎం ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

ఈ ఉత్తరం అచ్చయితే, చదవడం అయ్యాక ఈ పుటనే ఒక చిన్న పరీక్షకు వాడమని పాఠకులను కోరుతున్నాను. పెద్ద సైజు దినపత్రిక పుటను పైనుంచి కిందికి చింపితే చీలిక దాదాపు గీత గీసినట్టు దిగుతుంది. అదే పుటను ఎడమ నుంచి కుడికి చింపితే వంకర్లు పోయి, ఎంత జాగ్రత్తగా లాగినా పక్కకు తిరుగుతుంది. కాగితం మిల్లులో నీళ్లతో కలిసి జాలీ మీద పడిన పీచుల్లో ఎక్కువ భాగం, ఆ జాలీ పరుగెత్తే దిశలోనే పడుకుంటాయి. చింపడం ఆ దిశలో సులువు, దానికి అడ్డంగా కష్టం. అచ్చుపని వాళ్లు దీన్ని గ్రెయిన్ అంటారు. మనం పీచు వాటం అనుకోవచ్చు.

కాగితం ప్యాకెట్ మీద జీఎస్‌ఎం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, తెలుపు శాతమూ ఉంటుంది. వాటం మాత్రం చాలా ప్యాకెట్ల మీద ఎక్కడా ఉండదు. కొనేవాళ్లు కూడా మందం, తెలుపు చూసుకుని తృప్తిపడతారు. కానీ మడత దగ్గర పగిలిన శుభాకాంక్షల కార్డు, తెరిచి పెడితే మూసుకుపోయే పుస్తకం, ఇంకు పాకిన నోటుబుక్కు, ప్రింటర్‌లో ఇరుక్కున్న షీటు, వీటిలో చాలావాటికి మూలం ఆ రెండు అంకెల్లో దొరకదు. పీచు ఏ వైపు ఉంది, కాగితం నీటిని ఎలా పట్టుకుంటుంది అన్న రెండు ప్రశ్నల దగ్గర దొరుకుతుంది.

ముందు జీఎస్‌ఎం సంగతి క్లుప్తంగా. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్‌ఎం. అది బరువు, మందం కాదు. ఒకే 80 జీఎస్‌ఎంలో గట్టిగా నొక్కిన నున్నని కాగితం పలచగా ఉంటుంది, నొక్కనిది ఉబ్బెత్తుగా ఉంటుంది. ప్యాకెట్ మీద రాసింది నిజమో కాదో తేల్చుకోవడానికి తూకం చాలు. 210 × 297 మిల్లీమీటర్ల ఏ4 షీట్లు 500 ఉన్న రీము, 80 జీఎస్‌ఎం అయితే దాదాపు 2.5 కిలోలు తూగాలి. 75 అయితే 2.34 కిలోలు, 70 అయితే 2.18 కిలోలు. పైకవరు బరువు, తేమ కలిసి కొన్ని పదుల గ్రాముల తేడా రావచ్చు. 80 అని రాసిన రీము 2.3 కిలోల దగ్గర ఆగిపోతే మాత్రం అడగాల్సిందే.

ఇప్పుడు వాటం. చింపి చూడటం కాకుండా ఇంకో మూడు పద్ధతులున్నాయి. మొదటిది, షీటును మడత పడకుండా మెల్లగా రెండు వైపులా విడివిడిగా వంచి అరచేత్తో నొక్కి చూడటం. ఏ వైపు తక్కువ ఎదురు తిరిగితే, ఆ వంపు గీతకు సమాంతరంగా పీచు ఉన్నట్టు. మందపాటి కార్డుకు ఇదే మంచి పరీక్ష. రెండోది, ఒక సెంటీమీటరు వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవు ఉన్న రెండు పట్టీలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కత్తిరించడం. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక కొస పట్టుకుంటే, పీచు అడ్డంగా ఉన్న పట్టీ ఎక్కువగా వాలుతుంది. వాలే పట్టీ పైన ఉంటే కింది పట్టీ దాన్ని మోస్తుంది కాబట్టి తేడా కనిపించదు. అందుకని పైదాన్ని కిందికి మార్చి మళ్లీ చూడాలి. మూడోది పలచని కాగితానికి: చిన్న చదరపు ముక్క తీసుకుని, అది షీటులో ఏ దిశలో ఉండేదో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఒక వైపు మాత్రమే తడపండి. ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉంటే పీచు అటు.

తడిస్తే చుట్టుకోవడంలోనే అసలు కీలకం ఉంది. పీచు నీళ్లు తాగినప్పుడు లావెక్కుతుంది కానీ పెద్దగా పొడవు పెరగదు. కాబట్టి కాగితం వాటానికి అడ్డంగా సాగుతుంది, వాటం వెంబడి దాదాపు అలాగే ఉంటుంది. పుస్తకం వెన్నుకు సమాంతరంగా పీచు లేకపోతే, జిగురు తడికి వెన్ను దగ్గర పుటలు సాగాలనుకుంటాయి, కుట్టో జిగురో సాగనివ్వదు, అలలు లేస్తాయి. ఆ పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే నిలవదు.

ఇంట్లో, బడిలో చేసే చిన్న పుస్తకాల్లో ఈ తప్పు తరచూ జరుగుతుంది. మామూలుగా దొరికే ఏ4 కాపీయర్ కాగితంలో పీచు పొడుగు వైపు, అంటే 297 మిల్లీమీటర్ల వైపు ఉంటుంది. దాన్ని సగానికి మడిచి ఏ5 పుస్తకం చేస్తే మడత పీచుకు అడ్డంగా పడుతుంది. దీనికి చవకైన ఉపాయం ఉంది. పొడుగు వాటం ఉన్న ఏ3 షీట్లు తెచ్చి సరిగ్గా మధ్యకు కోయండి. వచ్చిన ఏ4 ముక్కల్లో పీచు ఇప్పుడు పొట్టి వైపు ఉంటుంది. వాటిని మడిస్తే మడతా పీచూ ఒకే దారిలో నడుస్తాయి. కొందరు తయారీదారులు కొలతలు రాసేటప్పుడు పీచుకు సమాంతరంగా ఉన్న కొలతను రెండో అంకెగా వేస్తారు. ఈ లెక్కన 210 × 297 అంటే పొడుగు వాటం, 297 × 210 అంటే పొట్టి వాటం. అయినా అందరూ పాటించే అలవాటు కాదు కనుక వంచి చూసుకోవడం మేలు.

250 నుంచి 300 జీఎస్‌ఎం కార్డును వాటంతో మడిచినా ముందు గాడి పెట్టాలి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను, స్కేలు సరిపోతాయి. గాడి పెట్టినప్పుడు కార్డుకు ఒక వైపు పల్లం, రెండో వైపు సన్నని గట్టు వస్తాయి. గట్టు మడత లోపలికి రావాలి, పల్లం బయటికి. చాలామంది పల్లం లోపలికి వచ్చేలా మడుస్తారు. అది చూడ్డానికి సహజంగానే ఉంటుంది కానీ బయటి పొర మీద లాగుడు ఎక్కువై పగులుతుంది. లేజర్ ప్రింటర్‌లో ముదురు రంగు నిండుగా వేసిన కార్డయితే ఎంత బాగా గాడి పెట్టినా మడత దగ్గర తెల్ల గీత పడే అవకాశం ఉంది. టోనర్, అంటే లేజర్ ప్రింటర్ వాడే రంగుపొడి, కాగితంలోకి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. డిజైన్‌లోనే మడత చోట లేత రంగు పెట్టుకోవడం తెలివైన పని.

అట్టకు కాగితం అతికించేవాళ్లకు ఒక మాట. నీళ్ల జిగురుతో ఒక వైపే అతికిస్తే ఆరేటప్పుడు కాగితం ముడుచుకుని అట్టను తన వైపుకు లాక్కుంటుంది. అట్ట వెనక్కి కూడా అదే వాటంలో ఒక కాగితం అతికించి, బరువు పెట్టి, పూర్తిగా ఆరేదాకా కదపకుండా ఉంచాలి. పిల్లల ప్రాజెక్టు అట్టలు వంగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ప్రింటర్ల దగ్గరికి వస్తే, మొదట గుర్తుంచుకోవాల్సింది పూత వేసిన ఇంక్‌జెట్ కాగితమూ లేజర్ కాగితమూ ఒకదాని చోట ఒకటి చెల్లవన్నది. లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను కరిగించి అతికించే రోలర్ సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఇంక్‌జెట్ ఫొటో కాగితం మీది పూత ఆ వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటే పాడయ్యేది షీటు ఒక్కటే కాదు, యంత్రం కూడా. లేజర్ కోసం చేసిన గ్లాసీ కాగితాన్ని ఇంక్‌జెట్‌లో పెడితే ఇంకు ఇంకే దారి లేక పైనే నిలిచి, తాకితే పులుముకుంటుంది. ఫొటో కాగితానికి పూత ఏ వైపు ఉందో తెలియకపోతే, కొద్దిగా తడి చేసిన వేలితో ఒక మూల తాకండి. జిగటగా తగిలే వైపే అచ్చు వేయాల్సిన వైపు.

160 జీఎస్‌ఎం దాటిన కాగితం పెట్టినప్పుడు సెట్టింగ్స్‌లో కాగితం రకం మార్చకుండా వదిలేస్తే, ప్రింటర్ దాన్ని మామూలు కాగితం అనుకుని తక్కువ వేడితో, వేగంగా లాగేస్తుంది. గోటితో గీస్తే అక్షరాలు రాలిపోతాయి. చాలామంది అప్పుడు టోనర్‌ను తప్పుపడతారు. 'మందపాటి కాగితం' అని ఎంచుకుని, చేత్తో పెట్టే ట్రే నుంచి పంపి, వెనక తలుపు ఉంటే తెరిచి ఉంచండి. కాగితం తిన్నగా బయటికి వస్తుంది, వంపు తిరగదు.

కాగితం ఇరుక్కోవడం వెనక ఎక్కువగా ఉండేది తేమ. తెరిచి వదిలేసిన రీములో అంచులు ముందు తేమ పీల్చి అలలు తిరుగుతాయి, మధ్య భాగం అలాగే ఉంటుంది. అలాంటి షీటు రోలర్ల మధ్య తిన్నగా ఎలా వెళ్తుంది? వాడినన్ని తీసుకుని మిగతాది అదే కవరులో చుట్టి, బల్లపరుపుగా, నేలకూ గోడకూ తగలకుండా పెట్టాలి. ఆ కవరుకు లోపల తేమను ఆపే పూత ఉండేది ఇందుకే. చల్లని చోటి నుంచి తెచ్చిన రీమును ఒక రోజు ప్రింటర్ ఉన్న గదిలోనే ఉంచి, తర్వాత తెరవండి. కవరు మీద బాణం గుర్తు ఉంటే అది మొదట అచ్చు వేయాల్సిన వైపు చూపుతుంది.

రాసే కాగితం విషయంలో రెండు వేర్వేరు లోపాలను ఒకటిగా చూడటం వల్ల డబ్బు వృథా అవుతోంది. వెనక వైపు రాత నీడలా కనిపించడం ఒకటి, ఇంకే వెనక్కి దిగి చుక్కలుగా తేలడం ఇంకొకటి. మొదటిది కాగితం పారదర్శకత వల్ల. జీఎస్‌ఎం పెంచితే, లేదా సుద్ద, తెల్లమట్టి లాంటి పూరకం ఎక్కువున్న కాగితం తీసుకుంటే తగ్గుతుంది. రెండోది సైజింగ్ లోపం. సైజింగ్ అంటే బట్టకు గంజి పెట్టడం లాంటిది. గుజ్జులో కొంత నీటిని నెట్టే పదార్థం కలుపుతారు, తయారైన షీటు మీద గంజి పూత వేస్తారు. అది సరిగ్గా లేని కాగితం 100 జీఎస్‌ఎం అయినా ఇంకును దూదిలా పీల్చేస్తుంది. సరిగ్గా ఉంటే బరువుతో పనే లేదు. ఫౌంటెన్ పెన్ను వాడేవాళ్లు మెచ్చే జపాన్ కాగితం తొమొయే రివర్ పేరు తెచ్చుకున్నది 52 జీఎస్‌ఎంతోనే. దాని మీద వెనక రాత నీడ స్పష్టంగా కనిపిస్తుంది, ఇంకు మాత్రం దిగదు.

నోటుబుక్కు కొనేముందు వీలైతే ఇలా చూడండి. మీరు రోజూ వాడే పెన్నుతోనే ఒక గీత, దాన్ని కోస్తూ ఇంకో గీత, కొన్ని సున్నాలు గీయండి. పాళీని ఒక్క చోట ఆనించి మూడు అంకెలు లెక్కపెట్టండి. గీతల అంచుల్లో సాలెకాళ్లలా సన్నని పోగులు పాకితే పైపూత బలహీనం. పాళీ ఆనించిన చోట వెనక చుక్క తేలితే లోపలి సైజింగ్ చాలదు. వేలితో రుద్దినప్పుడు పీచు లేస్తే ఆ పీచు పాళీ చీలికలో చేరి అక్షరాలను మందం చేస్తుంది. ఇక మరీ నున్నటి పూత కాగితం మీద ఇంకు ఆరడం ఆలస్యం, ఎడమ చేత్తో రాసేవాళ్లకు అది అసలు పనికిరాదు.

నీటి రంగులకు 300 జీఎస్‌ఎం అడగడం మంచిదే. అంతకన్నా తేలికైతే ముందే తడిపి, పలక మీద జిగురు టేపుతో నాలుగు వైపులా బిగించి ఆరనివ్వాలి. అక్కడ కూడా ఒక నీటి చుక్క వేసి చూడటం మరవొద్దు. చుక్క వెంటనే ఇంకిపోతే తేమలో నిలవ ఉండి సైజింగ్ చచ్చిన కాగితం అది, రంగు దాని మీద మచ్చలు కడుతుంది. కాగితపు బొమ్మల మడతలకు 60 నుంచి 70 జీఎస్‌ఎం చాలు. ఒకే గీత మీద అటూ ఇటూ ఐదుసార్లు మడిచినా పగలకుండా ఉండాలి.

తెలుపు గురించి కొనేవాళ్లకున్న భ్రమ నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. మిరుమిట్లు గొలిపే తెలుపులో చాలా భాగం ఆప్టికల్ బ్రైటెనర్ అనే పదార్థం పని. అతినీలలోహిత కాంతిని పీల్చి నీలి కాంతిగా వదులుతుంది, మన కంటికి తెల్లగా తోస్తుంది. ఎండ తగిలితే దాని శక్తి క్రమంగా పోతుంది. ఎక్కువసేపు చదివే పుస్తకానికి మీగడ రంగు కాగితమే నా ఓటు. దశాబ్దాలు నిలవాల్సిన దస్తావేజులు, డైరీలు, ఫొటో ఆల్బమ్‌లకు తెలుపు కాదు, ఆమ్లం లేకపోవడం ముఖ్యం. ఐఎస్‌ఓ 9706 అనే ప్రమాణం శాశ్వత కాగితానికి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.5 నుంచి 10 మధ్య ఉండాలనీ, ఆమ్లాన్ని అడ్డుకునే కాల్షియం కార్బొనేట్ లాంటి నిల్వ కనీసం 2 శాతానికి సమానంగా ఉండాలనీ చెబుతుంది. ఆ గుర్తు ఉన్న కాగితం దొరికితే అలాంటి పనులకు దాన్నే తీసుకోండి.

తయారీదారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది: ప్రతి రీము మీదా పీచు వాటాన్ని ఒక బాణంతో చూపండి, ఆమ్లరహితమో కాదో ఒక్క మాటలో రాయండి, ఇంక్‌జెట్‌కా లేజర్‌కా రెండింటికా అన్నది జీఎస్‌ఎం వేసినంత పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ సమాచారం మిల్లులో ఎలాగూ ఉంటుంది.

చివరిగా, ఈ పుటలో ఏదైనా దాచుకోదలచినవాళ్లకు. పత్రిక కాగితాన్ని చెక్కను నూరిన గుజ్జుతో చేస్తారు. చెక్కలో పీచులను అతికి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అందులోనే ఉండిపోతుంది, వెలుతురు తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. దాన్ని ఆల్బమ్‌లో అతికిస్తే అందులోని ఆమ్లం పక్క పుటకు కూడా పాకి గోధుమ రంగు మరక వేస్తుంది. కత్తిరించిన ముక్కను ఆమ్లరహిత కాగితం మీద లేజర్ ఫొటోకాపీ తీయించి ఆ కాపీని అతికించండి. అసలు ముక్కను విడిగా ఒక కవరులో, చీకటిగా, పొడిగా ఉన్న చోట ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు